టెమెరైర్ వరుసలో అయిదవ నవలను ఎందుకు వదిలేయమంటున్నారు?

పెన్నాతీరం:
నయోమి నోవిక్ టెమెరైర్ నవలల గురించి ఎప్పుడు మాట వచ్చినా, మన నెల్లూరు మిత్రులలో చాలా మంది నాలుగవ భాగంతో ఆపివేయడం మేలని చెబుతూ వచ్చారు. ఆ మాట విని నేను అయిదవ నవల ‘విక్టరీ ఆఫ్ ఈగిల్స్’ను కొని కూడా చాలా కాలం తెరవలేదు. ఈ మధ్య చదివాను. ఈ వరుసలో ఇప్పటి వరకు నన్ను ఇంతగా పట్టి కూర్చోబెట్టిన భాగం మరొకటి లేదు, అందుకే ఈ ఫిర్యాదు వ్రాస్తున్నాను.

పరిచయం లేనివారి కోసం రెండు మాటలు చెబుతాను. నెపోలియన్ యుద్ధాల నాటి ప్రపంచాన్ని తీసుకొని, అందులో ప్రతి దేశానికీ ఒక డ్రాగన్ల దళం ఉన్నట్లు రచయిత్రి ఊహించారు. బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ లారెన్స్ ఒక ఫ్రెంచి నౌకను పట్టుకున్నప్పుడు చైనా నుండి వస్తున్న గుడ్డు దొరుకుతుంది, అందులో నుండి టెమెరైర్ పుడతాడు. మొదటి మూడు భాగాలు 2006లో, అయిదవది 2008లో వచ్చాయి. 2016లో తొమ్మిదవ నవలతో కథ ముగిసింది.

ఇక్కడి నుండి కథలోని మలుపులు బయటపడతాయి, చదవదలచినవారు గమనించగలరు. నాలుగవ భాగంలో బ్రిటన్ డ్రాగన్లకు అంటురోగం సోకుతుంది. ఆఫ్రికా దక్షిణ కొసన దొరికే ఒక పుట్టగొడుగు దానికి మందు. బ్రిటిష్ అధికారులు ఆ మందును తమ దగ్గరే దాచుకొని, రోగమున్న డ్రాగన్‌ను ఫ్రాన్సుకు చేరనిచ్చి, శత్రువు డ్రాగన్లన్నీ చచ్చిపోవాలని చూస్తారు. అది సహించలేక లారెన్స్, టెమెరైర్ ఆ పుట్టగొడుగును స్వయంగా తీసుకువెళ్ళి ఫ్రెంచివారికి ఇచ్చి, నెపోలియన్ ఆశ్రయమిస్తానన్నా కాదని, దేశద్రోహానికి శిక్ష అనుభవించడానికి తిరిగి వస్తారు. ఇంత పని చేసిన నాయకుడికి తరువాతి భాగం మొదటి అధ్యాయంలోనే క్షమాభిక్ష దొరికే నవలలు మనం ఎన్నో చదివాము. ఇక్కడ అది జరగదు. లారెన్స్‌కు మరణశిక్ష పడుతుంది. టెమెరైర్‌ను అదుపులో ఉంచడానికి పనికివస్తాడని మాత్రమే అతన్ని ప్రాణాలతో ఉంచుతారు. టెమెరైర్‌ను వేల్సు కొండలలో, గుడ్ల కోసం డ్రాగన్లను ఉంచే క్షేత్రానికి పంపివేస్తారు. సరిగ్గా అప్పుడు నెపోలియన్ ఇంగ్లండు గడ్డ మీద దిగుతాడు.

చేసిన పని ధర్మమే అయినా దాని ఫలితాన్ని చివరి దాకా అనుభవింపజేసిన ఈ నవలను ఎందుకు వదిలేయమన్నారో, చెప్పినవారే వివరించాలి. ఆరవ భాగం చదవవచ్చునా అన్నది కూడా తేల్చగలరు.

మూలాపేట_పాఠకుడు:
వదిలేయమని చెప్పినవారిలో నేను మొదటివాడిని, ఇప్పటికీ ఆ మాట మీదనే ఉన్నాను. మొదటి నవలలో లారెన్స్ పుస్తకం చదివి వినిపిస్తుంటే టెమెరైర్ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసే ఘట్టాలు ఉన్నాయి కదా, నేను ఈ కథలోకి వెళ్ళింది వాటి కోసమే. అయిదవ భాగంలో వీరిద్దరూ తొలి అధ్యాయాలలో ఒకచోట ఉండనే ఉండరు. కలిసిన తరువాత కూడా లారెన్స్ మనసు విప్పి మాట్లాడడు. ఉరికంబం ఎప్పుడు ఎక్కిస్తారా అని ఎదురుచూసే మనిషితో అన్ని పుటలు గడపడం నాకు భారమయింది. నవల చెడ్డదని నేను అనడం లేదు. ఆనందం కోసం చదివేవారికి అది దొరకదని అంటున్నాను.

కనిగిరి_సీమ:
ఆ భారం సగం పుస్తకానికే పరిమితం. మిగిలిన అధ్యాయాలు టెమెరైర్ వైపు నుండి నడుస్తాయి, ఈ వరుసలో అలా జరగడం అదే మొదటిసారి. వాటిని చదువుతూ నేను చాలాసార్లు పైకే నవ్వాను, పక్కగదిలోని వారు వచ్చి ఏమిటని అడిగారు.

పెన్నాతీరం:
కనిగిరి_సీమ గారు సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. లారెన్స్‌ను బంధించి ఉంచిన నౌక మునిగిపోయిందని, అతను చనిపోయాడని టెమెరైర్ నమ్ముతాడు. ఆ దుఃఖంలో కూర్చొని ఏడవకుండా, ఆ క్షేత్రంలో తిని పడుకోవడం తప్ప మరో పని లేని డ్రాగన్లన్నింటినీ కూడగట్టి, మనుషుల ఆజ్ఞ లేకుండానే యుద్ధానికి నడిపిస్తాడు. వారిలో ముసలివారు, సోమరులు, పోట్లాటరాయుళ్ళు, యుద్ధమంటేనే ఇష్టం లేనివారు ఉన్నారు. ఒక్కొక్కరినీ ఒక్కొక్క విధంగా ఒప్పించుకుంటూ పోయే ఆ ఘట్టాలలో ఆనందం లేదనడం మూలాపేట_పాఠకుడు గారికి తగదు.

ఒంగోలు_గిత్త:
మా ఇంట్లో తాతల నాటి నుండి ఒంగోలు జాతి పశువులు ఉన్నాయి, అందుచేత అందరూ దాటవేసే విషయం మీదనే నా కన్ను పడింది. ఇన్ని డ్రాగన్లకు తిండి ఎవరు పెడతారు? యుద్ధ కథలు వ్రాసేవారు ఫిరంగుల లెక్క చెబుతారు గాని, సైన్యం ఆ పూట ఏమి తిన్నదో చెప్పరు. ఈ నవలలో టెమెరైర్ వేల్సు నుండి బయలుదేరేటప్పుడు మందలను, వాటిని తోలే కాపరులను కూడా ఏర్పాటు చేసుకుంటాడు. రెక్కలున్న దళం ఎంత వేగంగా పోగలిగినా, తిండి మాత్రం కాళ్ళతో నడిచి రావాలి కదా! మంద నడకను ఎరిగినవారికి ఆ చిక్కు ఎంత పెద్దదో తెలుస్తుంది.

రెండవ భాగంలో చైనాకు వెళ్ళినప్పుడు టెమెరైర్ వండిన తిండి రుచి మరుగుతాడు. పశువును పచ్చిగా పంచడం కంటే ధాన్యంతో కలిపి ఉడికిస్తే ఎక్కువ కడుపులు నిండుతాయన్న తెలివి అక్కడి వంటవాడి వల్లనే వస్తుంది. ఇది చదివినప్పుడు నాకు మా దొడ్డి గుర్తుకు వచ్చింది. మా వైపు బండలాగుడు పోటీలకు గిత్తలను తయారు చేసేవారు ఉలవలను ముందురోజే నానబెట్టి, మరునాడు గంగాళంలో మెత్తగా ఉడికించి, వేడి తగ్గాక చేత్తో పిసికి చూస్తారు. వేళ్ళకు గట్టి గింజ తగలకపోతేనే తొట్టిలో పోస్తారు. పచ్చివి వేసినా గిత్త తింటుంది, కాని ఒంటికి పట్టదు. న్యూయార్కులో పుట్టిన రచయిత్రి పశువు ఆకలిని ఇంత శ్రద్ధగా పట్టించుకున్నందుకు నేను ఆమెకు నమస్కరిస్తున్నాను.

మరొక సంగతి కూడా చూడండి. నవల రెండవ సగంలో యుద్ధం నడిచేది కూడా తిండి మీదనే. ఇంగ్లండులో దిగిన నెపోలియన్ సేనలు ఊళ్ళ మీద పడి పశువులను, ధాన్యాన్ని తోలుకుపోతుంటాయి. వాటిని దెబ్బ తీయడమే లారెన్స్‌కు అప్పగించిన పని. కాబట్టి ఈ నవలకు వెన్నెముక మేతే అని నా అభిప్రాయం.

గుండ్లకమ్మ:
ఒంగోలు_గిత్త గారు ముందుగా తమ గిత్తలను భద్రం చేసుకోవాలి. మంచి గుహ కోసం టెమెరైర్‌తోనే తగవుకు దిగిన ఆ రెక్వియెస్కాట్ అనే డ్రాగన్ మీ దొడ్డి చూశాడంటే ఉలవలు ఉడికే దాకా ఆగడు.

ఉదయగిరి_కోట:
అసలు చరిత్ర కొంత తెలిసి ఉంటే ఈ నవల రుచి రెట్టింపవుతుంది. నెపోలియన్ 1803 నుండి 1805 వరకు బులోన్ తీరంలో సేనలను, పడవలను సిద్ధం చేసుకొని ఇంగ్లండుకు దాటాలని ఎదురుచూశాడు. దాటడానికి సముద్రం మీద పైచేయి దొరకక, ఆ సేనలను ఆస్ట్రియా వైపు మళ్ళించాడు. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ వద్ద ఫ్రెంచి, స్పెయిన్ నౌకాదళాలు దెబ్బతిన్నాయి, గెలిచిన నెల్సన్ అక్కడే మరణించాడు. ఫ్రెంచి సైనికులు బ్రిటన్ నేల మీదికి దండెత్తి దిగిన చివరి సందర్భం 1797 ఫిబ్రవరిలో, అదీ వేల్సులోని ఫిష్‌గార్డ్ దగ్గర. వారు కొద్ది రోజులలోనే లొంగిపోయారు. చరిత్రలో జరగని ఆ దండయాత్రను నోవిక్ జరిపించి చూపించారు.

నెల్సన్ విషయంలో ఆమె చేసినది మరీ గొప్పగా ఉంది. ఈ కథలో అతను ట్రఫాల్గర్‌లో చనిపోడు, డ్రాగన్ మంటకు ఒళ్ళు కాలినా బ్రతుకుతాడు. మొదటి భాగంలో ఆ మార్పు చూసి మనమంతా ముచ్చటపడ్డాము. అయిదవ భాగంలో షూబరీనెస్ యుద్ధానికి వచ్చేసరికి, నెపోలియన్ పక్షాన ఉన్న తెల్ల డ్రాగన్ లియెన్ తన గర్జనతో సముద్రాన్ని కొండంత అలగా లేపి బ్రిటిష్ నౌకలను ముంచివేస్తుంది, నెల్సన్ ఆ అలలో పోతాడు. చరిత్ర దగ్గర అప్పు తెచ్చుకున్న ప్రాణాన్ని రచయిత్రి నాలుగు భాగాలు నడిపి తిరిగి చెల్లించారు. ఇటువంటి ఫలితం వరుసలోని తరువాతి భాగాలకే సాధ్యం, మొదటి భాగంలో ఎంత ప్రతిభ ఉన్నా ఇది రాదు.

బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ గురించి కూడా చెప్పాలి. అతను మన దేశానికి పాత మనిషి. 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు, 1803లో అస్సాయె వద్ద మరాఠా సేనలను ఓడించాడు. నవల జరిగే నాటికి మన నెల్లూరు, ఒంగోలు సీమలు కూడా 1801 ఒప్పందంతో ఆర్కాటు నవాబు చేతి నుండి కంపెనీ చేతికి వెళ్ళిపోయాయి. ఇక్కడి సంస్థానాలతో వ్యవహరించి రాటుదేలిన సేనాని, అక్కడ ఒక డ్రాగన్ ఎదుట నిలబడి జీతాల గురించి, హక్కుల గురించి బేరం తెంచుకోలేక చిరాకుపడుతుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సింగరాయకొండ_టీచరు:
నేను లెక్కలు చెప్పే ఉపాధ్యాయురాలిని, కాబట్టి పెర్సీషియా పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధ కలిగించింది. పోరాటమంటే ఆమెకు గిట్టదు, తోటి డ్రాగన్లు పిరికిదని చులకన చేస్తారు. అయితే ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో, ఎన్ని డ్రాగన్లు ఎంత బరువు మోయగలవో మనసులోనే లెక్క కట్టగలిగేది ఆమె ఒక్కతే. ఫ్రెంచివారి నుండి ఫిరంగులు చేతికి వచ్చాక ఆ తెలివి అందరికీ అవసరమవుతుంది. మా తరగతిలో చివరి వరుసలో కూర్చొని, ఆటల్లో ఎవరూ జట్టులో చేర్చుకోని పిల్లలను నేను ఏటా చూస్తూనే ఉన్నాను. అటువంటి పిల్లకు ఒక నవలలో ఇంత గౌరవమైన చోటు దొరకడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. నాలుగవ భాగంతో ఆపివేసినవారికి పెర్సీషియా పరిచయమే కాదు. నాకు సంబంధించినంత వరకు ఆ ఒక్క కారణం చాలు.

పులికాట్_కొంగ:
ఒంగోలు_గిత్త గారు మేత గురించి చెబుతూ ఒక మాట అని వదిలేశారు, నేను అక్కడే ఆగిపోయాను. తిండి కోసం ఊళ్ళ మీద పడే ఫ్రెంచి జట్లను దెబ్బ తీయమని మాత్రమే వెల్లెస్లీ చెప్పడు, దొరికినవారిని దయ చూపకుండా చంపమని చెబుతాడు. లారెన్స్ ఆ పని చేస్తాడు. శత్రువుల డ్రాగన్లను రోగంతో చంపకూడదని ఉరికి సిద్ధపడిన మనిషి, ఆకలితో ధాన్యం దోచుకోవడానికి వచ్చిన సైనికులను ఆజ్ఞ ప్రకారం చంపుతుంటే నాకు పుస్తకం మూసివేయాలనిపించింది. మూయలేకపోయాను.

మూలాపేట_పాఠకుడు:
పులికాట్_కొంగ గారు నా వాదాన్ని నాకంటే బాగా చెప్పారు. నాలుగవ భాగం చివర మనం చూసిన లారెన్స్ ఆ ఆజ్ఞను విన్న చోటనే తిరస్కరించాలి. రచయిత్రి అయిదవ భాగంలో దుఃఖం పెంచడం కోసం పాత్రను వంచారని నా ఆరోపణ.

పులికాట్_కొంగ:
నేను చెప్పినది మీ వాదానికి సాయపడదు, దయచేసి పూర్తిగా వినండి. తన దేశం దృష్టిలో ద్రోహి అయిన తరువాత, మంచిచెడులు తేల్చే అర్హత తనకు పోయిందని లారెన్స్ అనుకుంటాడు. తన నిర్ణయం వల్లనే నెపోలియన్ ఇంతవరకు రాగలిగాడన్న బరువు అతని నెత్తిన ఉంది. అటువంటి మనిషికి ఆజ్ఞ పాటించడం విశ్రాంతిగా తోస్తుంది, ఎందుకంటే ఆలోచించవలసిన పని ఉండదు. థార్కే వచ్చి ముఖం మీద నిలదీసే వరకు తాను ఏమయిపోయాడో అతనికి తెలియదు. మిత్రుడంటే అలా ఉండాలి. ఆ ఘట్టం తరువాత లారెన్స్ మళ్ళీ తన బుద్ధితో నడుస్తాడు. పాత్ర విరగలేదు, ఎంత వరకు వంగుతుందో రచయిత్రి మనకు చూపించారు.

కనిగిరి_సీమ:
థార్కే మాటలు నేను కూడా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. అంత తక్కువ మాట్లాడే పాత్ర అంత గట్టిగా మాట్లాడడం ఈ వరుసలో మరెక్కడా నాకు తగలలేదు.

నెల్లూరు_మొలగొలుకులు:
ఈ చర్చలో మన ఖడ్గతిక్కన పేరు రాకపోతే లోటు. మనుమసిద్ధి సేనానిగా పాలేటి ఒడ్డున కాటమరాజు మీదికి వెళ్ళి, సైన్యం నశించగా ఇంటికి తిరిగి వచ్చినప్పుడు, భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని మనం చాటువులలో చదువుకున్నాము. అతను మళ్ళీ యుద్ధానికి వెళ్ళి మరణించాడు. ఆ గొడవకు మూలం కూడా పశువుల మేత, పుల్లరి అన్న సంగతి ఒంగోలు_గిత్త గారికి నచ్చుతుంది.

ఖడ్గతిక్కనను వెనక్కి పంపింది ఇంటివారి ఎత్తిపొడుపు. లారెన్స్‌ను ఇంగ్లండుకు తిరిగి పంపినది ఎవరి మాటా కాదు. ఫ్రాన్సులో గౌరవంగా బ్రతకవచ్చు, కోరి పిలిచేవారు ఉన్నారు, పోతే చంపుతారని తెలుసు. అయినా వెళతాడు. నన్ను అడిగితే అయిదవ భాగం ఆ తిరిగి రావడం గురించిన నవల. ఇంటికి వచ్చిన మనిషిని ఇల్లు ఏమి చేసిందన్నదే కథ. మూలాపేట_పాఠకుడు గారికి భారంగా తోచినది ఇదే కావచ్చు, నేను మాత్రం ఈ భారం కోసమే దాన్ని రెండోసారి తీశాను.

మూలాపేట_పాఠకుడు:
తిక్కన కథ నేను చిన్నప్పుడు విన్నదే, పోలిక బలంగా ఉంది. అయితే ఖడ్గతిక్కన కథ కొన్ని పద్యాలలో ముగుస్తుంది. అదే వేదన నవల పొడుగునా సాగితే పాఠకుడికి ఊపిరి ఆడాలి కదా అన్నది నా ప్రశ్న. టెమెరైర్ అధ్యాయాలు ఆ ఊపిరి ఇస్తాయని మీరందరూ అంటున్నారు, పెర్సీషియా గురించి టీచరు గారు చెప్పినది కూడా నాకు బాగా నచ్చింది. లారెన్స్ అధ్యాయాల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

మార్కాపురం_పలక:
నేను ఒక్క భాగమూ చదవలేదు. ఇంత చర్చ జరిగిన అయిదవ భాగంతోనే మొదలు పెట్టవచ్చునా? విశ్వనాథ వారి పురాణవైర గ్రంథమాలలోని పన్నెండు నవలలను నేను చేతికి దొరికిన క్రమంలో చదివాను, ఇబ్బంది పడలేదు.

ఉదయగిరి_కోట:
పురాణవైర గ్రంథమాలలో ఒక నవలకూ మరొక నవలకూ మధ్య కాలం మారిపోతుంది, రాజులు మారిపోతారు. వాటిని కలిపే సూత్రం వేరే ఉంది కాబట్టి మీకు అది చెల్లింది. ఇక్కడ అదే మనిషి, అదే డ్రాగన్, 1805 నుండి ఒకదాని మీద ఒకటి పేరుకున్న సంగతులు. నాలుగవ భాగం చదవకుండా అయిదవది తెరిస్తే లారెన్స్ ఎందుకు తల దించుకొని నడుస్తున్నాడో తెలియదు. మొదటి భాగం నుండి రావడమే సరైన పద్ధతి, అది చాలా తేలికగా చదివిస్తుంది కూడా.

గుండ్లకమ్మ:
మొదటి భాగం నా దగ్గర ఉంది. మార్కాపురం బస్సులో పంపగలను, పుటల మధ్య పలక ముక్కలు పెట్టకుండా తిరిగి ఇస్తే చాలు.

కావలి_ప్యాసింజర్:
పెన్నాతీరం గారు ఆరవ భాగం గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అయిదవ భాగం చివర లారెన్స్‌కు మరణశిక్ష తప్పి ద్వీపాంతరవాసం పడుతుంది, ఇద్దరూ ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సుకు వెళతారు. 1788లో ఖైదీలతో మొదలయిన ఆ వలస అప్పటికి చిన్న ఊరు. 1808 జనవరిలో అక్కడి గవర్నరు బ్లైను సైనికులే పదవి నుండి దించివేసిన సంగతి చరిత్రలో ఉన్నదే, ఆరవ నవల ‘టంగ్స్ ఆఫ్ సర్పెంట్స్’ ఆ గొడవ మధ్యలో మొదలవుతుంది. తరువాత దొంగలు ఎత్తుకుపోయిన ఒక డ్రాగన్ గుడ్డు కోసం ఖండం మధ్యలోని ఎడారిని దాటుతూ సాగే వెతుకులాట వస్తుంది. అది నెమ్మదిగా నడుస్తుంది, ఈ విషయంలో దాచవలసినది ఏమీ లేదు. ఎండ, దాహం, ఎర్రమట్టి, నేల కింద పొంచి ఉండే బనియిప్పులనే జంతువులు, మళ్ళీ ఎండ.

అయినా నేను దాన్ని వదలమని చెప్పను. యుద్ధానికి దూరంగా, ఎవరి ఆజ్ఞా లేని చోట, లారెన్స్ ఇక మీదట ఎలా బ్రతకాలో ఆలోచించుకునే భాగం అది. అయిదవదానిలో తగిలిన దెబ్బ మానడానికి అంత మేర నేల అవసరం. పైగా అందులో కులింగిలే ఉన్నాడు. గుడ్డులో నుండి వంకరగా, ఊపిరి తీసుకోవడమే కష్టమయిన స్థితిలో పుడితే, బ్రతకడు కాబట్టి చంపివేయడమే మేలని పెద్దలు అంటారు. ఆఫ్రికా నుండి వచ్చిన కుర్రవాడు డెమానే అడ్డుపడి ఆ పిల్లను తనవాడిని చేసుకుంటాడు. తరువాత ఏమవుతుందో నేను చెప్పను. సింగరాయకొండ_టీచరు గారు తప్పక చదవాలి.

సింగరాయకొండ_టీచరు:
ఆ పిల్ల బ్రతుకుతాడా లేదా అన్నది ఒక్కటి చెప్పండి, మిగిలినది నేను చదువుకుంటాను.

కావలి_ప్యాసింజర్:
బ్రతుకుతాడు. ఒంగోలు_గిత్త గారి మందలు కూడా చాలనంతగా తింటాడు.

ఒంగోలు_గిత్త:
అయితే ఆరవ భాగం నాకూ కావాలి. ఎడారిలో అంత తినే ప్రాణిని ఎలా మేపారో చూడాలి.

మూలాపేట_పాఠకుడు:
ఆరవ భాగం నా అలమరలో ఉంది, సగంలో గుర్తు పెట్టి ఆపివేశాను. పెన్నాతీరం గారు మూలాపేట వైపు వచ్చినప్పుడు తీసుకోవచ్చు. ఆ గుర్తు మాత్రం తీయకండి. అయిదవ భాగంలోని టెమెరైర్ అధ్యాయాలు మరొకసారి చదివి చూసిన తరువాత నేను అక్కడి నుండి మళ్ళీ మొదలు పెట్టాలా వద్దా నిర్ణయించుకుంటాను.

పెన్నాతీరం:
ఆదివారం ఉదయం వచ్చి తీసుకుంటాను. నా అయిదవ భాగం ప్రతిని మీ కోసం తెస్తాను, షూబరీనెస్ అధ్యాయం దగ్గర పెన్సిలుతో వ్రాసుకున్న మాటలు ఉన్నాయి, వాటితో మీరు విభేదించే చోట పక్కనే వ్రాయండి. నేను ముగించాక ఆరవ పుస్తకం బస్సులో సింగరాయకొండకు, అక్కడి నుండి ఒంగోలుకు వెళుతుంది.